కప్పిన గాయం
(ఉపన్యాస పాఠం)



మీలో అనేకులు దూరప్రాంతాల నుండి విమానంలో వచ్చినవారే. అందువల్ల నేడు విమానయానానికి సంబంధించిన ఒక విషయాన్నే మీకు మనవి చేస్తాను.

విమానం దిగేటప్పుడు ముక్కును కొంత పైకెత్తి, వెనుక చక్రాలను ముందుగా రన్‌వేపై ఆనిస్తారు. ఆ ఎత్తడం మోతాదు మించితే తోక అడుగుభాగం నేలను రాసుకుంటుంది. సాధారణంగా ప్రాణనష్టం ఉండదు. ప్రయాణికులు దిగి ఇళ్లకు వెళ్లిపోతారు. అసలైన పరీక్ష ఆ తరువాతనే మొదలవుతుంది.

1978 జూన్ 2న జపాన్‌లోని ఒసాకాలో జపాన్ ఎయిర్‌లైన్స్ వారి బోయింగ్ 747 విమానానికి ఇదే జరిగింది. ఆ విమానం వెనుకభాగంలో గిన్నె ఆకారపు లోహపు గోడ ఒకటి ఉంటుంది. ప్రయాణికులకు అవసరమైన గాలి ఒత్తిడిని లోపల నిలిపేది అదే. దెబ్బతిన్న ఆ గోడ కింది సగాన్ని బోయింగ్ నిపుణులు మార్చారు. పాత, కొత్త భాగాలు కలిసే చోట ఒకే అఖండమైన పలకను అమర్చవలసి ఉండగా, దానిని రెండు ముక్కలుగా అమర్చారు. రెండు వరుసల రివిట్లు మోయవలసిన భారం ఒక్క వరుసపై పడింది. పైకి మాత్రం అతుకు చక్కగానే కనిపించింది.

ఎగిరిన ప్రతిసారీ ఆ గోడపై ఒత్తిడి పెరుగుతుంది, దిగినప్పుడు తగ్గుతుంది. పదేపదే వంచిన తీగ తెగినట్లే లోహమూ అలసిపోతుంది. ఏడేళ్లలో ఆ విమానం 12 వేలకు పైగా ప్రయాణాలు చేసింది. 1985 ఆగస్టు 12 సాయంత్రం టోక్యో నుండి బయలుదేరిన 12 నిమిషాలకు గోడ పగిలింది. నిలువు తోకలో అధికభాగం ఊడిపోయింది. విమానాన్ని అదుపుచేసే నాలుగు హైడ్రాలిక్ వ్యవస్థలూ నశించాయి. పైలట్లు అరగంటసేపు పోరాడినా విమానం పర్వతంపై కూలింది. 524 మందిలో నలుగురే బ్రతికారు.

1980లో హాంకాంగ్‌లో దిగుతూ తోక రాసుకున్న చైనా ఎయిర్‌లైన్స్ విమానం కథ కూడా ఇటువంటిదే. గీతలు పడిన రేకును పూర్తిగా తొలగించకుండా పైన మరో రేకును బిగించారు. 22 ఏళ్ల తరువాత, 2002 మే 25న ఆ విమానం ఆకాశంలోనే విచ్ఛిన్నమై 225 మంది మరణించారు.

ఈ రెండింటిలోనూ తొలి దెబ్బ ఎవరి ప్రాణమూ తీయలేదు. మాన్పకుండా కప్పిన గాయమే తీసింది. దెబ్బ తగలడం క్షణంలో జరిగిపోయేది. దానిని ఎలా సరిచేయాలన్నది మనిషి తీరికగా తీసుకొనే నిర్ణయం. కనుక బాధ్యత రెండవదానిలోనే అధికమని నేను భావిస్తాను.

పగిలిన ఆ గోడ శకలాలను జపాన్ ఎయిర్‌లైన్స్ దాచివేయలేదు. 2006లో టోక్యోలోని హనేడా విమానాశ్రయం వద్ద నెలకొల్పిన భద్రతా కేంద్రంలో తమ ఉద్యోగుల కళ్లెదుటే ఉంచింది. తప్పును కప్పిపుచ్చక ముందు తరాలకు చూపడం కూడా మరమ్మతులో భాగమే.

నా విన్నపం ఒక్కటే. తిరుగు ప్రయాణంలో తనిఖీ నిమిత్తం విమానాన్ని నిలిపామని చెబితే కౌంటరు వద్ద ఉన్న ఉద్యోగిపై ఆగ్రహించకండి. ఆ వేళ తోక కింద వంగి, దీపం పట్టుకొని ఒక్కొక్క రివిటును చూస్తున్న మనిషిని తలచుకోండి. అతనిని తొందరపెట్టకపోవడమే మనం చేయగల సహాయం.