స్వంత నేలపై గోల్ఫు సాధన

గోల్ఫు అనగానే మన కన్నులకు కట్టునది విశాలమైన పచ్చిక బయలు. పదునెనిమిది గుంటల పూర్తి మైదానమునకు నూరు మొదలు రెండువందల ఎకరముల వరకు నేల కావలెను. అట్టి మైదానము గల సంఘమున సభ్యత్వము దొరకుట సులభము కాదు; దొరికినను దాని వ్యయము భరించుట అందరికి సాధ్యము కాదు. అందుచేత ఈ ఆట తమది కాదని అనేకులు దూరముగనే ఉందురు. కాని ఆట వేరు, ఆటకు చేయు సాధన వేరు. ఆటకు మైదానము కావలెను. సాధనకు ఇంటివెనుక దొడ్డియో, ఊరిబయట అర ఎకరము చెలకయో చాలును. అట్టి నేలను సాధనరంగముగ దిద్దుకొను విధమును నేడు శ్రోతలకు విన్నవింపదలచితిమి.

మొదటనే ఒక మాట. సాధనరంగమును కట్టదలచినవాడు తొలుత వేసికొనవలసిన ప్రశ్న "బంతి ఎంత దూరము పోవును?" అనునది కాదు, "గురి తప్పిన బంతి ఎక్కడ ఆగును?" అనునది. నేల మనది. కాని దానిపై లేచిన బంతి గట్టు దాటిన క్షణమునుండి మన అధీనమున ఉండదు. బాధ్యత మాత్రము మనదే. మేము చెప్పబోవు కొలతలలో అనేకము ఈ ప్రశ్నకు సమాధానములే.

ఈ ఆట స్కాట్లండు సముద్రతీరమున పెరిగిన కాలమున మైదానమును ఎవరును ప్రత్యేకముగ కట్టలేదు. సముద్రమునకును సాగుభూమికిని నడుమనున్న ఇసుకనేలను అచ్చటివారు లింక్సు అందురు. గొర్రెలును కుందేళ్ళును మేసి అచ్చటి పచ్చికను కురుచగ ఉంచెడివి. ఆ నేలపైననే ఆట నడచెను. సెంట్ ఆండ్రూసులోని సుప్రసిద్ధమైన పాత మైదానము నేటికిని ప్రజల భూమియే.

గొప్ప ఆటగాండ్రందరును గొప్ప మైదానములలోనే తయారైరి అనుటయు సరికాదు. స్పెయిను ఉత్తరతీరమున పెద్రెన్యా గ్రామమున పుట్టిన సెవె బాలెస్టరోసు బాల్యమున ఒకే ఒక ఇనుపకర్రతో సముద్రపుటొడ్డున ఇసుకపై బంతిని కొట్టి నేర్చుకొనెను. ఒక్క కర్రతోనే బంతిని ఎత్తుగను, నేలబారుగను, వంపుగను పంపవలసివచ్చుటచే ఆతని చేతికి అసాధారణమైన ఒడుపు అబ్బెను. 1979లో బ్రిటిషు ఓపెనును, 1980లో అమెరికాలోని మాస్టర్సును ఆతడు గెలిచెను. మన దేశముననే, హర్యానాలోని ఇస్రానా గ్రామమునకు చెందిన శుభం జగ్లాను అను బాలుడు పొలములందు సాధన చేసి, 2015లో కాలిఫోర్నియాలోని శాన్ డియాగోలో జరిగిన బాలల ప్రపంచ పోటీలలో తన వయసు తరగతిన విజేత అయ్యెను.

ఇక బంతి సంగతి. గోల్ఫు బంతి బరువు 45.93 గ్రాములకు మించరాదు, అడ్డుకొలత 42.67 మిల్లీమీటరులకు తగ్గరాదు. చూచుటకు చిన్నది. కాని సాధారణమైన ఆటగాడు పెద్దకర్రతో కొట్టినపుడును అది గంటకు 210 కిలోమీటరుల వేగముతో బయలుదేరగలదు. అప్పుడు దానియందుండు శక్తి, 160 గ్రాముల క్రికెట్టు బంతి గంటకు 112 కిలోమీటరుల వేగమున వచ్చునపుడు ఉండు శక్తికి ఇంచుమించు సమానము. పైగా ఆ శక్తి అంతయు మరింత ఇరుకైన చోట తగులును.

1922లో ఇంగ్లాండున ఒక వ్యాజ్యము జరిగెను. కెంటు ప్రాంతమున రహదారి ప్రక్కనున్న మైదానమునుండి వచ్చిన బంతి ఒక టాక్సీ ముందరి అద్దమును పగులగొట్టెను. గాజుముక్క తగిలి దానిని నడుపువాడు ఒక కన్ను కోల్పోయెను. అంతకు ముందును బంతులు ఆ బాటపై తరచు పడుచుండెనని విచారణలో తేలెను. బాట ప్రక్కన అట్లు ఆట నడుపుట ప్రజలకు ఉపద్రవకరమని న్యాయస్థానము నిర్ణయించి, మైదానము వారిని బాధ్యులను చేసెను. తమ నేలలో తాము ఆడుకొంటిమనుట వారిని కాపాడలేదు. మన పొలము గట్టుప్రక్క పుంతలో బండ్లు పోవును, బడిపిల్లలు నడతురు. ఆవలి చేనిలో కూలీలు వంగి కలుపు తీయుచుందురు. వంగినవారికి బంతి రాక తెలియదు.

లెక్క చూతము. బంతి 200 గజములు పోవునని అనుకొందము. కొట్టినవాని గురి 15 డిగ్రీలు తప్పినచో, ఆ దూరమునకు చేరునప్పటికి బంతి సుమారు 54 గజములు ప్రక్కకు పోవును. కుడియెడమలు రెండును కలిపి వెడల్పు 108 గజములు. పొడవు 200 గజములతో గుణించినచో నాలుగున్నర ఎకరములకు దగ్గర అగుచున్నది. అదియు బంతి దొర్లుపరుగును లెక్కింపకయే. అంత ఖాళీ నేల లేనివాడు పెద్దకర్రతో ఆరుబయట కొట్టు ఆలోచనను విడువవలెను. పొడుగుదెబ్బకు వలయే శరణ్యము.

వల పది అడుగుల ఎత్తును, పన్నెండు అడుగుల వెడల్పును ఉండుట మేలు. కన్ను అంగుళమునకు మించరాదు. నాలుగు గుంజలు పాతి, ముందువైపు మాత్రము విడిచి, వెనుకను, ఇరుప్రక్కలను, పైనను వల కట్టవలెను. ప్రక్కవల లేకున్నచో కర్ర మెడకు తగిలిన బంతి ఇంచుమించు అడ్డముగ పోయి చూచువారికి తగులును. వలను బిగించి కట్టుట పొరపాటు. బిగువైన వల బంతిని తిప్పికొట్టును. వదులుగ వ్రేలాడు వల దానితోపాటు వెనుకకు సాగి, కొంచెము కొంచెముగ వేగమును చంపును. అందుచేత వల వెనుక నాలుగడుగుల ఖాళీ ఉండవలెను, గోడ ఆనరాదు. ముందరి గుంజలకు పాత టైరుముక్కలో, గోనెపట్టలో చుట్టవలెను. కొట్టువాడు వలకు పది అడుగుల దూరమున నిలువవలెను. ఎండకు నైలాను వల పెళుసెక్కును గనుక నెలకొకమారు చేతితో లాగి పరీక్షింపవలెను. పని ముగిసిన వెంటనే వలను పైకి చుట్టి కట్టుట మరువరాదు. విడిచినచో పిట్టలును పాములును చిక్కుకొనును.

నిలుచుచోట గట్టినేల ఉన్నచో ప్రతిదెబ్బయు మణికట్టును అదరగొట్టును. ఇసుక పరచి, దానిపై మందమైన కొబ్బరిపీచు చాప వేసినచో ఆ బాధ తగ్గును.

వల ముందు దెబ్బ కుదురునుగాని దూరము తెలియదు. దూరపు అంచనా నేర్పునది చిన్నదెబ్బల సాధన. దీనిని చులకనగ చూడరాదు. 72 దెబ్బల మైదానమున ప్రతిగుంటకును బంతిని దొర్లించు దెబ్బలు రెండేసి చొప్పున లెక్కింపబడినవి. అనగా 36, సరిగా సగము. అర ఎకరము గలవానికి 70 గజముల పొడవు, 34 గజముల వెడల్పు గల చదరము లభించును. ఒకకొననుండి పది, ఇరువది, ముప్పది గజముల దూరమున పాతబుట్టలు పెట్టి, వానిలో బంతి పడవేయ యత్నింపవలెను. ముప్పదికి మించరాదని మేము చెప్పుటకు కారణము కలదు. కర్ర అంచు బంతి నడుమ తగిలినచో అది నేలబారుగ రెట్టింపు దూరము పరుగిడగలదు. ఆవలికొనను నాలుగడుగుల మట్టికట్ట వేసి, దానిపై ఎనిమిదడుగుల వల నిలిపినచో అట్టి బంతియు ఆగును. ఇంతకంటె చిన్న దొడ్డియైనచో కన్నములు గల బోలు ప్లాస్టిక్కు బంతులు వాడవలెను. తేలికయగుటచే అవి ఎక్కువ దూరము పోవు. రంగమును ఉత్తరాభిముఖముగ అమర్చినచో ఉదయసాయంకాలములందు సూర్యుడు కంట పడడు.

ఇక గుంటయు, దానిచుట్టు నుండవలసిన నున్నని నేలయు. దీనిని గ్రీను అందురు. పేరు పచ్చనిదే అయినను గడ్డియే కానక్కరలేదు. నీరు కరవైన చోట్ల నూనె కలిపిన ఇసుకతో నేలను దిద్దుకొను ఆచారము మనదేశమునందును ఉండెను, వానిని బ్రౌనులనెడివారు. అమెరికాలో పైన్‌హర్స్టు రెండవ మైదానము 1907లో వెలసినది. 1935 వరకు అచ్చటివియు ఇసుకగ్రీనులే. ఆస్ట్రేలియాలోని కూబర్ పెడీ మైదానమున నేటికిని గడ్డి లేదు. అచ్చటి ఆటగాండ్రు చేతిచాప అంత కృత్రిమపు పచ్చికముక్కను వెంట మోసికొని పోయి, దానిపై బంతి నుంచి కొట్టుదురు.

కళ్ళము దిద్దుట ఎరిగిన రైతునకు ఇసుకగ్రీను కొత్తవిద్య కాదు. ముప్పది అడుగుల అడ్డుకొలతతో వలయము గీచి, గడ్డివేళ్ళు తీసి, తడిపి, దిమ్మిసతో కొట్టి గట్టిపరుపవలెను. ఒకవైపునకు అయిదారు అంగుళముల వాలు ఉంచినచో వాననీరు నిలువదు. రేగడినేల వేసవిని పగుళ్ళువారును గనుక అడుగున మొరము పరచుట అవసరము. ఎర్రచెలకకు ఆ అవసరము తక్కువ. పైని రెండంగుళముల మందమున మెత్తని ఇసుకయో, జల్లించిన రాతిపొడియో పరచవలెను. సుమారు 118 ఘనపుటడుగులు పట్టును. వాగునుండి ఇసుక తోడుట కంటె రాతిపొడి కొనుటయే మేలు. వాగులోని ఇసుక ఊరిబావులకు నీరు నిలుపునది. పూర్వపు అలవాటున వాడిన ఇంజను నూనెను పోయరాదు. అది నేలలో ఇంకి బావినీటిని చెరచును. ఆటకు ముందు రోలరుతో గాని చదునుబద్దతో గాని నున్న చేసినచో చాలును. గుంట అడ్డుకొలత నాలుగుంబావు అంగుళములు.

గడ్డియే కావలెనను వారికి మన గరికయే చాలును. వినాయకచవితినాడు మనము పూజకు కోయు గరికయే ఉష్ణదేశపు మైదానములందు పరచు బెర్ముడా గడ్డి. కాని నీటిలెక్కను ముందు చూచుకొనవలెను. ముప్పది అడుగుల వలయమునకు రోజునకు 5 మిల్లీమీటరుల నీరు పెట్టినచో సుమారు 330 లీటరులగును. 2019లో ఆరంభమైన జలజీవన మిషను గ్రామమున మనిషికి రోజునకు నిర్ణయించిన నీరు 55 లీటరులు. అనగా మన చిన్న పచ్చిక వేసవిలో ఆరుగురి నీరు త్రాగును. స్నానపు నీరో, వంటింటి నీరో మళ్ళించి పెంచుకొనవచ్చును; ఎండిన బోరుపై పెంచుట మాత్రము తగదు.

గ్రీను ఎంత చురుకైనదో కొలుచుటకు ఎడ్వర్డు స్టింప్సను అను అమెరికా ఆటగాడు 1935లో ఒక చెక్కసాధనము కల్పించెను. వాలుగ ఎత్తిన దోనెవంటి బద్దపైనుండి బంతిని జారవిడిచి, అది ఎన్ని అడుగులు దొర్లెనో చూచుటయే దాని కిటుకు. అమెరికా గోల్ఫు సంఘము వారు 1978నుండి దీనిని మైదానపాలకులకు అందించిరి. మూడడుగుల వెదురును నిలువున చీల్చి, లోపలి కణుపులు చెక్కి, ప్రతిమారును ఒకే ఎత్తున పట్టినచో మనకును అట్టి కొలమానము అమరును. ఒక వైపున కొలిచి, తిరిగి ఎదురువైపున కొలిచి, సరాసరి తీసికొనవలెను. వ్రాసి ఉంచుకొన్నచో నేల మెరుగుపడుచున్నదో, చెడుచున్నదో తెలియును.

రంగము సిద్ధమైన పిదప కొన్ని కట్టుబాట్లు ఉండవలెను. బంతి ఆడువాని ముందు మనిషి గాని, పశువు గాని ఉన్నంతసేపు కర్ర ఎత్తరాదు. పిల్లలను కర్ర తిరుగు మేరకు బయట నిలుపవలెను. ప్రక్కచేనివారికి రంగమును ముందుగనే చూపి, వారి పనివేళలు అడిగి తెలిసికొనవలెను. బంతులను లెక్కపెట్టి తెచ్చి, లెక్కపెట్టి ఎత్తవలెను. గడ్డిలో మిగిలిన బంతి కోతయంత్రమున పడినచో రాయివలె ఎగురును.

ఇన్ని జాగ్రత్తలు చెప్పి శ్రోతలను వెనుకకు లాగుట మా అభిమతము కాదు. రోజున కొక గంట, ఒక కర్ర, ఒక వల, కళ్ళమంత నేల: ఇంతమాత్రము చేతనున్న పల్లెటూరి బాలునకును ఈ విద్య అందును. పొరుగువాని కన్నును, ఊరిబావిని కాపాడుచు కట్టిన రంగమున ఆతడు నిశ్చింతగ కర్ర ఎత్తగలడు. చేయి నిబ్బరముగ నుండుటకు మొదట మనసు నిబ్బరముగ ఉండవలెను గదా!