కంప్యూటరు క్రొత్తదైన పిమ్మట
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ సభలో పుస్తకములను గూర్చియే ప్రసంగింపవలెనని మీరు తలంపవచ్చును. కాని నేడు పుస్తకముల పట్టికయు, చందాల లెక్కయు, మనము కార్యాలయములకు పెట్టుకొను అర్జీయు కంప్యూటరులోనే ఉండుచున్నవి. కావున ఆ యంత్రపు చిక్కులను గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

యంత్రము మందగించినపుడు, వైరసు పట్టినపుడు, పాత విండోస్‌కు మద్దతు ముగిసినపుడు క్రొత్త విండోస్ వేయుట పరిపాటి. విండోస్ 7నకు 2020 జనవరి 14న, విండోస్ 10నకు 2025 అక్టోబరు 14న సాధారణ మద్దతు ముగిసినది. దీనిని పలువురు మరమ్మతు అనుకొందురు. నిజమునకు ఇది పాత యిల్లు విప్పి అదే పునాదిమీద క్రొత్త యిల్లు వేయుట. ఇల్లు విప్పకముందు గాదెలోని గింజలు తీసి పెట్టుకొనని రైతు ఉండడు. ఆ జాగ్రత్త ఇక్కడను వలయును.

మొదటి చిక్కు పత్రములది. డెస్క్‌టాప్ మీద కనబడు ఫైళ్లు సాధారణముగా సి డ్రైవులోనివే. దానిని ఫార్మాట్ చేసినచో అవియు పోవును. ఫార్మాట్ చేయక వేసినచో పాతవి ‘విండోస్ ఓల్డ్’ అను ఫోల్డరులో నిలుచును; అదియు పది దినములకు తనంతట తానే తొలగిపోవచ్చును. కనుక వెదకవలసినవారు మొదటి వారములోనే వెదకవలెను.

రెండవది లిపి చిక్కు. ఇది మన ప్రాంతమున మిక్కిలి ముఖ్యమైనది. పూర్వపు తెలుగు ఫాంట్లు ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు రూపములను కూర్చినవి. ఆ ఫాంటు ఉన్నంతవరకు తెలుగు కనబడును. విండోస్ మార్చగానే ఫాంటు పోయి, పుటనిండ అర్థములేని ఇంగ్లీషు గుర్తులు నిలుచును. పత్రము చెడినదని కొందరు దానిని తుడిచివేయుచున్నారు. అది చెడలేదు, వేషము పోయినది, మనిషి ఉన్నాడు. పాత ఫాంటు తిరిగి వేసినచో అక్షరములు తిరిగి వచ్చును. యూనికోడ్ పద్ధతి వేరు. 1991లో వెలువడిన దాని మొదటి సంపుటిలోనే తెలుగునకు స్థానము దొరకినది. అందు ‘అ’కు 3077, ‘క’కు 3093 అని ప్రతి అక్షరమునకు సొంత సంఖ్య కలదు. ఏ యంత్రములో తెరచినను ఆ సంఖ్య మారదు.

ఇందువలన మనకేమి నష్టమందురా? 2014లో చింతూరు, కూనవరము, కుక్కునూరు, వేలేరుపాడు మున్నగు మండలములు ఆంధ్రప్రదేశ్‌లో కలిసినవి. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెము జిల్లా వేరుపడినది. అప్పటి ఖమ్మము జిల్లా కాగితములతో ఈ ప్రజలకు ఇప్పటికిని పని పడుచున్నది. పాత ఫైలు తెరుచుకొనలేదని ఎవరో చేతితో తిరిగి కొట్టునపుడు ‘సోడె’ అను ఇంటిపేరు ‘సోడే’ అయినదనుకొనుడు. అటవీ హక్కుల పట్టా మీద ఒక పేరు, అర్జీ మీద వేరొక పేరు! ఒక్క దీర్ఘముతో ఆ రైతు ఎన్ని పర్యాయములు బస్సెక్కి తిరుగవలెనో మీకు నేను చెప్పనక్కరలేదు. కనుక తిరిగి కొట్టించుటకు ముందు ఫాంటు వెదకుడు. పిదప యూనికోడ్‌లోనికి మార్పించి, మూలముతో అక్షరమక్షరము సరిచూడుడు.

మూడవది తేదీ. క్రొత్త విండోస్ అమెరికా పద్ధతిలో ఉన్నచో నెలను ముందు వ్రాయును. జూలై 3న ఇచ్చిన పుస్తకమునకు 03/07 అని కొట్టినచో యంత్రము మార్చి 7గా గ్రహించును. పాఠకుని నెత్తిన 118 దినములు అదనముగా పడును. యంత్రము లోపలి చిన్న బ్యాటరీ అయిపోయినచో తేదీయే ఏండ్లు వెనుకకు పోవచ్చును. అపుడు ప్రభుత్వ వెబ్‌సైట్లు భద్రత లేదని తెరుచుకొనవు. అడవి అంచున నున్న మనము తప్పంతయు సిగ్నలుమీద వేయుదుము. ముందు గడియారము చూడుడు.

నాలుగవది ముద్రణ. ప్రింటరుకును, వేలిముద్రల యంత్రమునకును వాటి సాఫ్ట్‌వేరును మరల వేయవలెను. కాగితపు కొలత లెటరుగా ఉన్నచో ఎత్తు 279 మిల్లీమీటర్లే. మనము వాడు ఏ4 ఎత్తు 297. అందువలన పుట విరుపు మారి, సంతకపు చోటు వేరొక పుటకు జారును.

ఈ చిక్కులకు మందు ఒక నోటుబుక్కు. ఏ ఫాంట్లు, ఏ కీబోర్డు, ఏ ప్రింటరు, ఏ కార్యక్రమములు ఉన్నవో విండోస్ మార్చకముందే అందు వ్రాయవలెను. ఫైళ్లను, ఫాంట్లను రెండు చోట్ల దాచవలెను. అందొకటి వేరే ఊరిలో ఉండవలెను. భద్రాచలము వద్ద గోదావరి 1986లో 75.6 అడుగులకు ఎక్కినది. 2022 జూలైలో 71 అడుగులు దాటినది. ఏటి ఒడ్డున కాపురమున్నవారికి ఒకే గాదె చాలదు.

పుస్తకముల చిట్టాను ఏటేట కాగితముపై ముద్రించి బైండు కట్టించుడని కార్యవర్గమునకు నా విన్నపము. యువకులారా! వారమునకు ఒక గంట ఇచ్చట కూర్చుండి, పాత ఫైలుతో వచ్చిన తోటివాని అక్షరములను వానికి తిరిగి చూపుడు. చదువరాని వానికి జాబు చదివి పెట్టుట ఎట్టి సేవయో, ఇదియు అట్టిదే. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి నేటి పట్టికలోని ప్రతి పేరును తప్పు లేక చదువబడుగాక!