హెడ్‌లైటు బల్బు మార్చాలంటే

పాత కారుకు ఒక పక్క హెడ్‌లైటు వెలగకపోతే, రాత్రిపూట ఎదురొచ్చేవాళ్లు బైకు వస్తోందనుకుంటారు. అందుకే రేపు చూద్దాంలే అనుకోవద్దు. ముందు ఫ్యూజు చూడండి. అది బాగుంటే లైట్లు ఆపి, చల్లారాక బానెట్ ఎత్తండి. హెడ్‌లైటు వెనకున్న మూడు పిన్నుల ప్లగ్గు లాగి, రబ్బరు తొడుగు తీసి, తీగ క్లిప్పు నొక్కి తప్పిస్తే బల్బు చేతికొస్తుంది. కొత్త హాలోజెన్ బల్బును మాత్రం లోహపు అంచు దగ్గరే పట్టుకోవాలి. గాజుకు వేలి జిడ్డు అంటితే అక్కడ వేడి ఎక్కువై బల్బు త్వరగా పోతుంది. అంటిందా, స్పిరిట్‌తో తుడిచేయండి. పాతదాని మీద 12 వోల్టులు, 60/55 వాట్లు అని ఉంటే అదే కొనండి. వెలుగు బాగుంటుందని 100 వాట్లది బిగిస్తే వైర్లు, హోల్డరు కాలిపోవచ్చు. ఎదుటివాళ్ల కళ్లూ బైర్లు కమ్ముతాయి. రబ్బరు తొడుగు మళ్లీ గట్టిగా కూర్చోబెట్టడం మరవకండి. లేదంటే వానకు లైటులోకి నీళ్లు చేరతాయి.