ఒకే తీగ – నలుగురి వంతు



మన దేశంలో ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న జనానికి అందింది. అప్పట్లో అది ఫోను తీగలోనే వచ్చేది. నెట్ వాడుతున్నంతసేపూ ఆ ఫోనుకు వేరే కాల్ వచ్చేది కాదు. వాడినకొద్దీ బిల్లు పెరిగేది.

నాలుగు కంప్యూటర్లకు నాలుగు ఫోన్లంటే మాటలా? అందుకే ఒక ఉపాయం చేశారు. ఒక కంప్యూటర్‌కు ఫోను తీగ తగిలించారు. మిగతా మూడింటినీ వేరే తీగలతో దానికి కలిపారు. అదే అందరికీ వాకిలి. దాన్ని ఆపేస్తే ఎవరికీ నెట్ రాదు. 1999లో వచ్చిన విండోస్ 98 రెండో ఎడిషన్‌లోనే ఈ సదుపాయం ఉంది.

ఒకే కొళాయికి నాలుగు గొట్టాలు పెడితే ఏమవుతుంది? ధార సన్నబడుతుంది. నెట్ కూడా అంతే. ఒకరు పెద్ద బొమ్మ తెచ్చుకుంటుంటే, మిగతా ముగ్గురూ చూస్తూ కూర్చోవాలి.

ఒక సెల్‌ఫోన్‌లోని నెట్‌ను పక్క ఫోన్లకు ఇవ్వడమే హాట్‌స్పాట్. ఇప్పుడు చాలా ఇళ్లలో అదే వాకిలి. అబ్బాయి సినిమా చూస్తూ డేటా అంతా ఖాళీ చేస్తే, అమ్మాయి పాఠం ఆగిపోతుంది.

అందుకే ఇంట్లో వంతులు పెట్టండి. ఆ వంతుల్లో మీ వంతు కూడా అడగండి. చదువు నేర్చుకున్నాం. మనకూ చదవాల్సినవి ఉన్నాయి కదా!