కారణాలు కలిసినప్పుడు – కాలేయ క్యాన్సర్
(రోగుల కుటుంబ సభ్యుల కూటంలో చేసిన ప్రసంగ పాఠం)



వార్డులో తరచు రెండు మాటలు వింటుంటాను. "మా ఆయన చుక్క ముట్టి ఎరుగడండీ, లివర్ క్యాన్సర్ ఎలా వచ్చింది?" అని ఒకరు. "తాగాడు కాబట్టి దేవుడు శిక్షించాడు" అని మరొకరు. రెండో మాట దయచేసి ఎవరూ అనకండి. ఈ జబ్బు వెనుక చాలాసార్లు రెండు మూడు కారణాలు కలిసి ఉంటాయి.

అందులో ముఖ్యమైనది హెపటైటిస్-బి వైరస్. కాన్పు సమయంలో తల్లి నుండి బిడ్డకు సోకితే, పదిమందిలో తొమ్మిదిమందికి అది ఒంట్లో ఉండిపోతుంది. ఏళ్ల తరబడి ఏ బాధా తెలియదు. లోపల మాత్రం కాలేయ కణాలు చస్తూ, కొత్తవి పుడుతూ ఉంటాయి.

రెండవది బూజు. వేరుశనగ, మొక్కజొన్న తడిసి బూజు పడితే అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. వేయించినా, ఉడికించినా పూర్తిగా పోదు. మంచి కాయలు మార్కెట్టుకు పంపి, ముడుచుకుపోయిన పలుకులు ఇంట్లో పచ్చడికి ఉంచుకునే అలవాటు మనకుంది. అది పొదుపు కాదమ్మా, పారేయండి. గేదెకు పెట్టినా ఆ విషం పాలలోకి వస్తుంది. ఇది కణంలోని జన్యువును దెబ్బతీస్తుంది. వైరస్ వల్ల కణాలు వేగంగా పుడుతున్నచోట ఆ దెబ్బ కొత్త కణాలకూ సంక్రమిస్తుంది.

చైనాలోని షాంఘైలో 18 వేలమందికి పైగా పురుషులను పరిశీలించి, 1994లో ఫలితాలు ప్రచురించారు. ఈ రెండూ లేనివారితో పోలిస్తే, అఫ్లటాక్సిన్ ఒక్కటే ఉన్నవారికి ముప్పు సుమారు 3 రెట్లు, వైరస్ ఒక్కటే ఉన్నవారికి 7 రెట్లు. రెండూ ఉంటే పది రెట్లనుకుంటాం కదా? దాదాపు 60 రెట్లు!

సారా, షుగరు, స్థూలకాయం, హెపటైటిస్-సి కూడా ఒకదానికొకటి తోడవుతాయి. కాబట్టి వైరస్ ఉన్నవారు తాగుడు మానడం మామూలు లాభం కాదు.

మీ రోగికి హెపటైటిస్-బి ఉంటే భార్యాపిల్లలు, తల్లి, తోడబుట్టినవారు అందరూ రక్తపరీక్ష చేయించుకోండి. వైరస్ లేకపోతే, టీకా అవసరమేమో డాక్టరుగారు చెబుతారు. పుట్టిన బిడ్డకు 24 గంటల్లోపే తొలి టీకా పడాలి. వైరస్ ఉందని తేలితే పసరు మందుకు పరుగెత్తకండి. డాక్టరుగారు చెప్పిన ప్రకారం మందులు వాడి, స్కానింగుకు రండి. కలిసి భోంచేస్తే ఇది అంటదు, రోగికి కంచం వేరు చేయవద్దు. బ్లేడు, టూత్‌బ్రష్షు మాత్రం ఎవరివి వారికే ఉండాలి.