వ్యాయామ శిక్షకుని ఎన్నుకొనుట

పూర్వము మన ఊళ్ళలో పెక్కుచోట్ల తాలింఖానాలుండెడివి. సాము నేర్పు గురువు అందరకును తెలిసినవాడే. నేడు జిమ్ములు వెలసినవి. సొమ్మిచ్చి శిక్షకుని కుదుర్చుకొనవలసి వచ్చినది. ఎవరిని కుదుర్చుకొనవలెను?

ఈ విషయమున మేమొకసారి పొరబడితిమి. కండలు చూచి మురిసి, ఒక యువకునకు మూడు మాసముల సొమ్ము ముందే చెల్లించితిమి. మా నడుమునొప్పి సంగతి అతడడుగలేదు, మేము చెప్పలేదు. మొదటి నాడే బరువులెత్తించెను. నాలుగవ నాటికి మంచము పట్టితిమి. సొమ్ము తిరిగి రాలేదు.

రెండవ శిక్షకుడు బరువులు చూపలేదు, ప్రశ్నలు వేసెను. రక్తపుపోటు కలదా? పాత దెబ్బలున్నవా? ఏ మందులు వాడుచున్నారు? వైద్యుని సలహా పొంది రమ్మనెను. పిమ్మట కుర్చీలో కూర్చుండి లేచుటతో ఆరంభించెను!

కావున శ్రోతలకు మా మనవి. శిక్షకుని ధ్రువపత్రము చూడుడు. ప్రథమ చికిత్స తెలియునేమో అడుగుడు. మొదట ఒక్క నెలకే ఒప్పుకొనుడు. పక్షము దినములలో దేహమును మార్చెదననువానిని, పొడుల డబ్బాలమ్మజూపువానిని దూరముంచుడు.

పెద్దలకు వారమునకు కనీసము 150 నిమిషముల మధ్యరకపు శ్రమ, రెండు దినములైనను కండరములకు వ్యాయామము అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. ఆ నియమమును మనకు అలవరచి, తాను లేకున్నను సాగునట్లు చేయువాడే నిజమైన గురువు.