కొబ్బరాకు కింద నల్లచుక్కలు



సంఘంవారు మమ్మల్ని ప్రకృతి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. గిరిజనులు అనగానే అందరూ అడవి అంటారు. మా నందివాడ వైపు అడవి ఎక్కడుంది? చేపల చెరువులు, వరిచేలు, బుడమేరు, మురుగుకాలువలు. మన యానాది కుటుంబాలు ఎన్నో ఆ కాలువగట్ల మీదే బతుకుతున్నాయి. అందుకని ఆ కాలువలోకీ, గట్టు మీది కొబ్బరిచెట్టు మీదికీ ఎక్కడినుంచో వచ్చిపడిన జీవుల గురించి చెబుతాం.

ముందు గుర్రపుడెక్క. దీని పుట్టిల్లు దక్షిణ అమెరికా. పువ్వు అందంగా ఉందని మోజుపడి మనుషులే దేశదేశాలకు మోసుకెళ్లారు. చెరువుల నుంచి వదిలే ఎరువునీళ్లు దానికి విందుభోజనం. అనువైన నీటిలో రెండు వారాలకే రెట్టింపు అవుతుంది. విత్తనం బురదలో ఏళ్ల తరబడి పడుంటుంది. ఇక మావు పెట్టడానికి చోటుండదు, వల వేస్తే డెక్కే వస్తుంది, అడుగు నీటికి గాలి ఆడక చేప చస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి మా మండలంలో ఊళ్లకు ఊళ్లే నీళ్లలో ఉన్నాయి. నీళ్లు పోయే దారిలో డెక్క పేరుకుంటే ఎంత చేటో అప్పటినుంచి ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు.

మరి పుట్టింట్లో అది ఇంత ఆగడం ఎందుకు చేయదు? అక్కడ దాన్ని తినే పురుగులున్నాయి. మొక్క ఇక్కడికి వచ్చింది, పురుగు రాలేదు. అందుకే 1980ల మొదట్లో శాస్త్రవేత్తలు రెండు రకాల ముక్కుపురుగుల్ని బెంగళూరుకు తెప్పించారు. అవి వేరే పంటల జోలికి పోవని పరీక్షించాకే నీళ్లలో వదిలారు. పెద్ద పురుగు ఆకును గీకుతుంది, పిల్లపురుగు కాడను తొలుస్తుంది. బెంగళూరు చెరువుల్లో, మణిపూర్‌లోని లోక్‌తక్ సరస్సులో మంచి ఫలితం వచ్చింది. కాకపోతే దీనికి ఏళ్లు పడుతుంది. అంత ఓపిక లేక కాలువలో గడ్డిమందు కొట్టమనేవాళ్లున్నారు. ఆ సలహా ఇచ్చేవాళ్లు ఆ కాలువ చేప కూర వండుకోరు. మందుకు చచ్చిన డెక్క అక్కడే కుళ్లితే నీటిలో మిగిలిన గాలి కూడా పోతుంది. మనుషుల చేత తీయించి కూలి ఇవ్వండి, ఆ పని మనవాళ్లకే ఇవ్వండి అని మేం అడుగుతూనే ఉన్నాం.

ఇప్పుడు కొబ్బరి. ఆకు అడుగున తెల్లటి మైనపు చుట్టలు, కింది ఆకుల మీద జిగురు, ఆ జిగురు మీద నల్లటి మసి. ఇది చుట్టల తెల్లదోమ. అమెరికా ఖండం నుంచి వచ్చింది, మన దేశంలో 2016లో కనిపించింది. అరటినీ, జామనూ కూడా వదలదు. దాని వెనకే ఎన్కార్సియా అనే బుల్లి కందిరీగ కూడా ఇక్కడ కనిపించింది. దీన్ని ఎవరూ తెచ్చి వదల్లేదు!

ఇది పరాన్నజీవి అని చెబితే మా పిల్లలు ఒకటే నవ్వు, “అంటే పేనా మేడం?” అని. మంచి ప్రశ్నే. పేను మన రక్తం తాగి బతుకుతుంది, మనల్ని చంపదు. (పేలు మురికివల్ల పుట్టవు, తలకు తల తగిలితే ఎక్కుతాయి. మా పిల్లల్ని బడిలో వేరే బెంచీలో కూర్చోబెట్టేవాళ్లు ఈ ముక్క తెలుసుకుంటే బాగుండును.) ఈ కందిరీగ అలా కాదు. తెల్లదోమ పిల్ల ఒంట్లో గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డులోంచి వచ్చిన పురుగు దాన్ని లోపల్నుంచి తినేస్తుంది. తెల్లగా ఉండాల్సిన పిల్ల నల్లబడుతుంది. చివరికి గుండ్రటి కన్నం చేసుకుని కందిరీగ బయటికి ఎగిరిపోతుంది.

మా హాస్టలు వెనక చెట్ల ఆకులు కోసి, భూతద్దం పెట్టి పిల్లల చేత ఈ నల్లచుక్కలు వెతికిస్తున్నాం. వాళ్ల చూపు మాకంటే వాడి.

పురుగుమందు కొడితే తెల్లదోమ కొంత చస్తుంది, కందిరీగ కూడా చస్తుంది. తెల్లదోమ మళ్లీ పుంజుకుంటుంది, ఈసారి దాన్ని అడ్డుకునేది ఉండదు. కాబట్టి మీ చెట్టుకు మందు కొట్టేముందు ఒక ఆకు దించి అడుగువైపు చూడండి. నల్లచుక్కలు, కన్నాలు కనిపిస్తే మందు మానండి. దోమ మరీ ఎక్కువుంటే ఆకు అడుగుకు తగిలేలా నీళ్లు గట్టిగా చిమ్మండి. పక్కింటి చెట్టుకు దోమ కొత్తగా పడితే, నల్లచుక్కలున్న ఈనెలు నాలుగు కోసి ఆ చెట్టుకు కట్టండి. గుర్తుపట్టడం తెలియకపోతే ఆకు పట్టుకుని మా హాస్టలుకు రండి. ఆదివారమైతే పిల్లలు ఖాళీగా ఉంటారు, వాళ్లే చూపిస్తారు.